కెమెరా ఏ ఎత్తులో ఉండాలి?

అందరికీ నమస్కారం. ఊళ్లలో మనుషులతో మాట్లాడిస్తూ డాక్యుమెంటరీ తీయాలనుకునేవాళ్లు ముందు ఏ కెమెరా కొనాలని అడుగుతారు. ఆ చర్చ కాసేపు పక్కన పెడదాం. ముందు ఎత్తు సంగతి.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల మహిళలు వీడియో తీయడం నేర్చుకున్నారు. ఎక్కువమంది దళితులు, బడి మొహం చూడనివాళ్లు. కంటి ఎత్తులో తీసే షాట్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ నేల మీద సమానంగా కూర్చుంటారు కదా! మనం బోర్డు మీద రాసే ‘ఐ లెవెల్’ కన్నా ఇదే మంచి పాఠం. మాట్లాడే మనిషి పీట మీద కూర్చుంటే ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా దించండి. మీరు నిలబడి తీస్తే ఆమె తలెత్తి జవాబు చెప్పాలి. అర్జీ పెట్టుకుంటున్నట్టు ఉంటుంది.

సెట్టింగులు సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 1/50 వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్. 30 ఫ్రేములు, 1/60తో ట్యూబ్‌లైటు కింద తీస్తే బొమ్మ మీద చారలు పాకుతాయి. ఎడిటింగ్‌లో అవి సరిగా పోవు. ఫోన్లు మామూలుగా 30తోనే వస్తాయి, ముందే మార్చుకోండి.

కొత్తవాళ్ల సినిమాలు బొమ్మ వల్ల కాదు, శబ్దం వల్ల పాడవుతాయి. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. అయితే సరిగ్గా అక్కడే నల్లపూసలు, పుస్తెలతాడు ఉంటాయి. తల ఊపినప్పుడల్లా టకటకమంటాయి. గొలుసులు తగలని వైపు, పైట అంచుకు పెట్టమని ఆమెనే అడగండి. మాట్లాడుతుంటే శబ్దం మీటరు ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. మీటరు ఒక్కటే నమ్మొద్దు, గాజుల చప్పుడుకూ అది అలాగే లేస్తుంది. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఫ్యాను ఆపించాక, ఖాళీ గది శబ్దం ఒక నిమిషం రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో కోసిన చోట శబ్దానికి అతుకు వేయడానికి అదే దిక్కు.

ఒకామె చాటలో జొన్నలు చెరుగుతోందనుకోండి. చేతులు, మొహం, గాలికి లేచే పొట్టు, మొత్తం వాకిలి: నాలుగు షాట్లు. ఒక్కోటి కదలకుండా పది సెకన్లు. చాట నుంచి మొహానికి, మొహం నుంచి గోడకు కెమెరా జరుపుతూ పోతే ఎడిటర్‌కు కోసే చోటే దొరకదు.

“ఎన్నేళ్ల నుంచి?” అంటే “ముప్పై” అంటుంది. మీ ప్రశ్న తీసేశాక ఆ జవాబు దేనికీ పనికిరాదు. “ఈ పనిలోకి ఎట్లొచ్చినవో చెప్పమ్మా” అనండి. చెప్పడం ఆగిపోయాక కూడా నాలుగు సెకన్లు నోరు మెదపకండి. అసలు మాట తరచూ అప్పుడే వస్తుంది.

పస్తాపూర్ బృందం వరంగల్‌లో బీటీ పత్తి (జన్యుమార్పిడి పత్తి) వేసిన రైతుల దగ్గరికి సినిమా కోసం 2002 ఖరీఫ్ నుంచి మూడేళ్లు వెళ్లింది. విత్తేటప్పుడు ఆశగా మాట్లాడిన రైతు పత్తి ఏరాక ఏమంటాడో ఒక్క ఆదివారం షూటింగ్‌లో తెలియదు.

పది నిమిషాల సినిమాకు రెండు గంటల ఫుటేజీ చాలు. ప్రతి మాటా టైమ్‌కోడ్‌తో, అంటే ఫుటేజీలో అది ఏ నిమిషం ఏ సెకనులో వస్తుందో రాసుకుని, ముందు కాగితం మీదే కోయండి. ఫైనల్ ఎక్స్‌పోర్ట్‌కు ముందు రఫ్ కట్‌ను, అంటే మొదటి కూర్పును, ఊళ్లో చూపించాలి. పొద్దుగూకి వంటలయ్యాక, తెల్ల పంచెను తెరలా కట్టి, పెద్ద స్పీకరు పెట్టి చూపించండి. ల్యాప్‌టాప్ గొంతు రెండో వరసకు వినబడదు. ఫలానా మాట వద్దని ఎవరైనా అంటే అక్కడే టైమ్‌కోడ్ రాసుకోండి. ఆ రాత్రి కోత ఆ మాటతోనే మొదలుపెట్టాలి.