అమ్మ లేని మొదటి క్రిస్మస్

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో అలంకరణలు చూపించడం లేదు. మార్చిలో మా అమ్మ చనిపోయింది. నేను విమానం దిగి ఇంటికి చేరేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. దూరదేశంలో ఉండే మనలో చాలామందికి ఈ బాధ తెలుసు. అక్కడ ఇల్లు బోసిపోయింది, ఇక్కడి ఇంట్లో మాత్రం ఏదీ మారలేదు. ఈ కుర్చీల్లో అమ్మ ఎన్నడూ కూర్చోలేదు. అందుకేనేమో, దుఃఖం ఎక్కడ దించుకోవాలో చాలా నెలలు తెలియలేదు.

డిసెంబరు వచ్చాక మరీ కష్టమైంది. లిఫ్టులో, ఆఫీసులో, మందిరంలో అందరూ శుభాకాంక్షలు చెబుతారు. వారి తప్పేమీ లేదు. తిరిగి చెప్పడానికి నాకే గొంతు పెగలదు.

అలాంటి ఒక రాత్రి మత్తయి సువార్త 2వ అధ్యాయం పూర్తిగా చదివాను. జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చిన అధ్యాయమే అది. అందులోనే హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లలను చంపించాడు. పిల్లల కోసం ఏడుస్తూ, ఓదార్పు వద్దన్న పాత నిబంధన తల్లి రాహేలును సువార్తికుడు అక్కడే తలుచుకుంటాడు. ‘పండుగ పూట ఏడవకూడదు’ అని ఆ తల్లులతో ఎవరూ అనలేదు. పాశ్చాత్య సంఘాలు చాలావరకు డిసెంబరు 28న, క్రిస్మస్ సందడి తగ్గకముందే, ఆ పసివాళ్లను స్మరించుకుంటాయి. ఏడుపు ఈ కథలోనే ఉందని తెలిశాక నాకు ఊపిరాడింది.

ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21 ప్రాంతంలో ఏడాదికంతటికీ పొడవైన రాత్రి వస్తుంది. ఆ రోజుల్లో కొన్ని సంఘాలు దుఃఖంలో ఉన్నవారి కోసం వేరుగా ఆరాధన జరుపుతాయి. దాన్ని బ్లూ క్రిస్మస్ అంటారు. మొన్న వెళ్లాను. కెమెరా తీసుకువెళ్లలేదు, అక్కడ ఏడ్చేవారి ముఖాలు ఎవరికీ చూపించేవి కావు. డ్రమ్ములు లేవు, చప్పట్లు లేవు. కొవ్వొత్తి వెలిగించి, పోయినవారి పేరు పైకి చెప్పాలి. అమ్మ పేరు చెప్పాను. ఆ గదిలో అమ్మను చూసినవారు ఒక్కరూ లేరు, అయినా అందరూ ఆ పేరు విన్నారు. తర్వాత పక్కనున్న పెద్దావిడ, “మీ అమ్మ గారు ఎలా ఉండేవారమ్మా?” అని అడిగారు. ఎలా పోయారని అడిగినవారు చాలామంది ఉన్నారు. ఈ మాట మాత్రం ఆవిడే మొదట అడిగారు. చాలాసేపు చెబుతూనే ఉన్నాను, మధ్యలో నవ్వాను కూడా.

నవ్వినందుకు ఇంటికొచ్చాక మనసు పొడిచింది. మీకూ అలా అనిపిస్తుంటే ఇది వినండి. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ఒక సంగతి వివరించారు. ఆప్తులను పోగొట్టుకున్న మనిషి కాసేపు ఆ తలపుల్లో మునుగుతాడు, కాసేపు వంట, ఉద్యోగం, పిల్లలు అంటూ బతుకు వైపు తిరుగుతాడు. ఈ రాకపోకలతోనే మనిషి నెమ్మదిగా తట్టుకుంటాడు. పిల్లలతో కలిసి నక్షత్రం కడుతూ నవ్వితే అమ్మను మరిచినట్టు కాదు.

విశ్వాసులు ఏడవకూడదనే ఓదార్పు నాకు అసలు నచ్చదు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. నాకూ నిరీక్షణ ఉంది, అమ్మను మళ్లీ చూస్తానని నమ్ముతున్నాను. అయినా అమ్మ గొంతు వినాలనే కోరిక తగ్గలేదు. ఆ రెండూ ఇప్పుడు నాలో పోట్లాడుకోవడం లేదు, నాకు దొరికిన సమాధానం అదే.

నాన్న గారికి 25 తెల్లవారేసరికి మాకింకా 24 సాయంత్రమే. అప్పుడు అక్కా నేనూ ఫోనులో కలుస్తాం, అమ్మ తన బైబిలులో గీతలు గీసుకున్న వాక్యాలు నాన్న గారు చదువుతారు. మర్నాడు ఆరాధనకు తలుపు దగ్గరి వరుసలో చోటు ఉంచమని పాస్టరు గారిని అడిగాను. “మధ్యలో లేచి వెళ్లినా ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదమ్మా” అన్నారు. అలా అడిగినవారు ఇంకా కొందరు ఉన్నారట. అందరం ఆ వరుసలోనే కూర్చుంటున్నాం.