రొటోరువా రివ్యూ: ఆవిరి నేల మీద ఏది చూడాలి, ఏది వదిలేయవచ్చు

ప్రేక్షకులందరికీ నమస్కారం. న్యూజిలాండ్ ఉత్తర దీవిలో, ఆక్లాండ్ నుంచి కారులో సుమారు మూడు గంటల దూరంలో ఉన్న రొటోరువా నగరం గురించి, దాని చుట్టుపక్కల ఉన్న అగ్నిపర్వత ప్రాంతాల గురించి ఈ వీడియోలో చెబుతాను. అక్కడ టికెట్టు కొని చూడవలసిన చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి, రెండు రోజులే చేతిలో ఉన్నవారు వాటిలో వేటిని ఎంచుకోవాలన్నదే ఈ రివ్యూలో ముఖ్య విషయం.

ఊళ్లోకి అడుగుపెట్టగానే కుళ్లిన కోడిగుడ్డు లాంటి వాసన వస్తుంది. అది భూమి లోపలి నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్. కాసేపటికి ముక్కు అలవాటు పడుతుంది గాని, ఉబ్బసం ఉన్నవారు ఆవిరి దట్టంగా ఉన్నచోట ఎక్కువసేపు నిలబడకపోవడం మంచిది. నగరాన్ని ఆనుకుని ఉన్న సరస్సు, సుమారు 2,40,000 సంవత్సరాల కిందట ఒక మహా విస్ఫోటనం తరువాత నేల కుంగి ఏర్పడిన పల్లంలో ఉంది. సాయంత్రం నడకకు ఆ ఒడ్డు హాయిగా ఉంటుంది. దానికోసం సగం రోజు కేటాయించనక్కరలేదు.

మొదటి రోజు ఫకరెవరెవకు ఇవ్వండి. అక్కడి మావోరీ (న్యూజిలాండ్ మూలవాసులు) గ్రామంలో ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి. ఆవిరి తన్నుకొచ్చే చోట అమర్చిన పెట్టెల్లో మాంసం, దుంపలు ఉడుకుతాయి; మొక్కజొన్న పొత్తులను సంచిలో వేసి మరిగే మడుగులోకి దించి, ఉడికిన తరువాత పైకి లాగుతారు. పక్కనే ఉన్న పోహుతు గీజర్ 30 మీటర్ల ఎత్తు వరకు వేడినీటిని చిమ్ముతుంది. ఇళ్లను వెచ్చగా ఉంచుకోవడానికి నగరమంతా బోర్లు వేసి వేడినీటిని తోడేయడంతో, 1970ల నాటికి ఈ గీజర్లు, బుగ్గలు నీరసించాయి. బోర్లు పెరిగేకొద్దీ బావులు ఎండిపోవడం మన పల్లెల్లో ఎరిగినదే. 1980ల చివర్లో ప్రభుత్వం పోహుతు చుట్టూ 1.5 కిలోమీటర్ల పరిధిలోని బోర్లను మూయించింది. ఆ తరువాత బుగ్గలు క్రమంగా కోలుకున్నాయి. ఆ నిర్ణయం తీసుకోకపోయి ఉంటే ఈ రోజు ఇంత చూడగలిగేవారం కాదు.

రెండో రోజుకు నా ఓటు వైమంగు లోయకే. 1886 జూన్ 10న తరవేరా పర్వతం పేలినప్పుడు సుమారు 17 కిలోమీటర్ల పొడవున భూమి చీలింది, వందమందికి పైగా మరణించారు, వేడినీటి ఖనిజాలు పేరుకుని మెట్లలా ఏర్పడి, అప్పట్లో ప్రపంచ ప్రసిద్ధి పొందిన గులాబీ, తెల్ల సోపానాలు కనుమరుగయ్యాయి. బతికి బయటపడిన తుహౌరంగి అనే మావోరీ తెగ ప్రజల్లో పలువురు వచ్చి స్థిరపడినది మనం ఇంతకుముందు చెప్పుకున్న ఫకరెవరెవలోనే. ఆ చీలిక వెంబడి ఏర్పడిన లోయే వైమంగు. అందులోని ఇన్‌ఫెర్నో అనే లేత నీలి సరస్సు సుమారు 38 రోజులకొక చక్రంగా నిండి, పొర్లి, మళ్లీ అనేక మీటర్లు లోపలికి దిగిపోతుంది. అది నిండే కాలంలో దగ్గరలోని ఫ్రయింగ్ పాన్ సరస్సు నుంచి పారే నీరు తగ్గుతుంది. రెండింటికీ నేల కింద సంబంధం ఉందనడానికి ఇది సాక్ష్యం. నడక దారి చాలావరకు దిగుడే, తిరిగి రావడానికి బస్సు ఉంటుంది కాబట్టి పెద్దవారు కూడా నింపాదిగా చూడవచ్చు.

వై-ఓ-తపు అనే మరో ఆవిరి ప్రాంతంలో షాంపేన్ పూల్ అనే మడుగు తప్పక చూడదగినది. సుమారు 74 డిగ్రీల వేడి ఉన్న ఆ మడుగు అంచున ఆర్సెనిక్, యాంటిమనీ సల్ఫైడ్లు పేరుకుని ముదురు నారింజ రంగు గట్టు కట్టాయి. అక్కడి లేడీ నాక్స్ గీజర్‌ను రోజూ ఉదయం 10:15కు సబ్బు వేసి చిమ్మిస్తారు. పోహుతును చూసినవారు దీన్ని వదిలేసి, జనమంతా అటు వెళ్లిన ఆ సమయంలో మడుగు దగ్గర ప్రశాంతంగా గడపడం మేలని నా అభిప్రాయం.

ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారికి నగరం మధ్యలోనే కుయిరావు పార్కు ఉంది. ప్రవేశం ఉచితం, బురద గుంటలు, ఆవిరి మడుగులు అన్నీ అక్కడే కనిపిస్తాయి. పిల్లల చేయి మాత్రం వదలకండి, కంచె దాటకండి. పైకి గట్టిగా కనిపించే నేల కొన్నిచోట్ల పలుచని పెంకు మాత్రమే, దాని కింద ఉన్నది మరిగే నీరు.