కేజీలు, పౌన్లు, బార్లు: గేజి చూసేవాళ్ల లెక్క

అందరికీ నమస్కారం.

మీలో పలాసలో జీడి పిక్కలు ఉడికించే బాయిలర్లు నడిపేవాళ్లున్నారు, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో వాక్యూమ్ డ్రయ్యర్ల దగ్గర షిఫ్టు చేసేవాళ్లున్నారు. ఒకరు ప్రెషర్ని కేజీల్లో చెబుతారు, ఒకరు పౌన్లలో, ఇంకొకరు బార్లలో. కేజీ అంటే చదరపు సెంటీమీటరు మీద పడే కేజీ బరువు. పౌను అంటే చదరపు అంగుళం మీద పడే పౌను బరువు. టైర్ల షాపులో పాయింట్లు అనేది కూడా ఈ పౌన్లనే.

1 బార్ అంటే సరిగ్గా లక్ష పాస్కల్స్. మెగా అంటే పది లక్షలు, కాబట్టి 1 మెగాపాస్కల్ 10 బార్లు. కొత్త యంత్రం మెగాపాస్కల్ డయల్ మీద 0.7 దగ్గర ముల్లుంటే అది 7 బార్లు. ఒక కేజీ కూడా లేదనుకుని మంట పెంచారో, ప్రమాదమే. ఇక 1 కేజీ 0.98 బార్. పౌన్లలో చెప్పాలంటే 1 కేజీకి 14.22, 1 బార్‌కి 14.5.

చాలాచోట్ల కేజీకి 15 పౌన్లని నోటిలెక్క వేస్తారు. టైరుకి పరవాలేదు, బాయిలర్‌కి పనికిరాదు. 10 కేజీల బాయిలర్‌కి పౌన్ల గేజి బిగించి, దాన్ని చూసి సేఫ్టీ వాల్వుని 150కి సెట్ చేశారనుకోండి. 10 కేజీలంటే 142 పౌన్లే. 150 అంటే 10.55 కేజీలు. అంటే వాల్వు తెరుచుకునేసరికి బాయిలర్ తన హద్దు మీద అరకేజీకి పైగా మోస్తూ ఉంటుంది.

ఇంతకంటే ఎక్కువ తప్పులు జరిగేది గేజికీ (బయటి గాలిని వదిలేసిన లెక్క) అబ్సొల్యూట్‌కీ (ఆ గాలిని కూడా కలిపిన లెక్క) మధ్య. గేజి సున్నా చూపినా మన చుట్టూ గాలి 1.013 బార్‌తో నొక్కుతూనే ఉంటుంది. ఏ ప్రెషర్‌కి ఆవిరి ఎంత వేడో చెప్పే స్టీమ్ టేబుల్లో మాత్రం సాధారణంగా ఆ గాలిని కూడా కలిపే రాస్తారు. గేజి మీద 7 బార్లుంటే టేబుల్లో 8.013 దగ్గర చూడాలి, అక్కడ ఆవిరి వేడి 170 డిగ్రీలు. కలపకుండా 7 దగ్గరే చూస్తే 165 వస్తుంది.

వాక్యూమ్‌లో ఈ తేడా ఇంకా పెద్దది. గేజి 650 మిల్లీమీటర్ల వాక్యూమ్ అంటే లోపల మిగిలింది బయటి గాలి ప్రెషర్ 760లో 650 పోగా 110 మిల్లీమీటర్ల పాదరసం. అక్కడ నీరు సుమారు 53 డిగ్రీలకే మరుగుతుంది. బ్యాచ్ షీటులో 650 అబ్సొల్యూట్ అని రాసేస్తే నీరు 95 దాటాక గానీ మరగదు, వేడికి ఆగని మందు పాడవుతుంది. అంకె పక్కన గేజి, అబ్సొల్యూట్, వాక్యూమ్ ఈ మూడింట్లో ఏదో ఒక మాట తప్పక ఉండాలి.

ఆ 760 కూడా స్థిరం కాదు. మనది తుఫాన్ల తీరం. వాతావరణ శాఖ చెప్పే హెక్టోపాస్కల్ (వంద పాస్కల్స్) 0.75 మిల్లీమీటరు పాదరసం. తుఫాను రోజు గాలి ప్రెషర్ 980 హెక్టోపాస్కల్స్‌కి పడితే అది 735 మిల్లీమీటర్లే. డ్రయ్యర్ లోపల అదే 110 ఉన్నా గేజి ఆరోజు 625 దగ్గరే ఆగుతుంది. పంపు చెడిందని విప్పకండి, ముందు బయటి గాలి ప్రెషర్ చూడండి.

చివరగా గేజి ఎక్కడ బిగించారో చూడండి. బాయిలర్ డ్రమ్ముకి 3 మీటర్ల కిందనుంటే, గొట్టంలో నిలిచిన నీటి బరువు వల్ల 0.3 కేజీ ఎక్కువ చూపిస్తుంది. గేజిని ముందే ఆ మేరకు సరిచేసి ఉండకపోతే అంకెలోంచి ఆ 0.3 తీసేసి, ఆ తర్వాతే పౌన్లలోకో బార్లలోకో మార్చండి.