గేటు బయట గంటలు

రోడ్డు భద్రతా మాసం సందర్భంగా అనంతపురంలో జరిగిన డ్రైవర్ల సమావేశంలో ఒక మాజీ లారీ డ్రైవర్ ప్రసంగం

అందరికీ నమస్కారం.

లారీ జాగ్రత్తగా తోలడం ఎట్లా అన్నదాని మీద నన్ను మాట్లాడమన్నారు. నాకంటే ముందు మాట్లాడిన సార్లు స్పీడు, మందు, సెల్‌ఫోను గురించి చెప్పేశారు. అన్నీ నిజమే, వినండి. నేను మాత్రం బండి కదలనప్పటి సంగతి చెప్తాను. ముప్పై ఏళ్ళు స్టీరింగ్ పట్టుకున్నవాణ్ణి. ఇప్పుడు కూర్చుని లెక్కేసుకుంటే తోలిన గంటల కంటే నిలబెట్టిన గంటలే ఎక్కువ తేలుతున్నాయి.

చీనీకాయల, అంటే బత్తాయిల, బాడుగే తీసుకోండి. ఇక్కణ్ణుంచి ఢిల్లీకి దగ్గర దగ్గర రెండు వేల కిలోమీటర్లు. కర్నూలు, హైదరాబాద్, నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, అంతా ఒకటే 44వ నంబరు రోడ్డు. నేను కొత్తగా లైసెన్సు తీసుకున్నప్పుడు నాగపూర్ దాకా దాన్ని ఏడో నంబరు అనేవాళ్ళం. "అంత దూరం ఎట్లా తోల్తావన్నా?" అని ఊళ్ళో అడిగేవాళ్ళు. తోలడానికేముందబ్బా, కాళ్ళూ చేతులూ వాటంతటవే పోతాయి. కష్టమంతా బయలుదేరకముందే.

పొద్దున పది గంటలకు లోడింగ్‌కు రమ్మంటారు. పోతే కాయ ఇంకా తోటలోనే ఉంటుంది. అది వచ్చి, ఏరి, కాటా వేసి, బండి అడుగున వరిగడ్డి పరిచి పోసేసరికి రాత్రి పదకొండు. ఆ పదమూడు గంటలూ డ్రైవర్ ఖాళీగానే ఉన్నాడు కదా అంటారు. బండి ముందుకు తియ్యి, వెనక్కి తియ్యి, పక్క బండికి దారియ్యి అని గంటకోసారి కేక. క్యాబిన్‌లో నడుం వాల్చితే టాపు కాలుతుంటుంది, కింద పడుకుందామంటే నీడ ఉండదు. పట్ట కప్పి తాడు బిగించాక షావుకారు వచ్చి, "కాయ మెత్తబడిపోతాది, యాడా ఆపొద్దు" అంటాడు. పొద్దున్నుంచి ఆపింది ఆయనే మరి!

కానీ ఎంత తొందర ఉన్నా ఒక పని చేయకుండా నేను బండి ఎక్కేవాణ్ణి కాదు. కుర్ర డ్రైవర్లకు చెప్పాలి. చేతిలో ఇనప రాడ్డు పట్టుకుని టైర్లన్నీ ఒక్కొక్కటే కొట్టుకుంటూ చుట్టూ తిరిగి వచ్చేవాణ్ణి. గాలి నిండుగా ఉన్న టైరు రాడ్డును ఎగరగొడుతుంది, గట్టిగా టంగుమంటుంది. గాలి తగ్గింది బద్దుమంటుంది, రాడ్డు అక్కడే ఆగిపోతుంది. వెనక జంట టైర్లలో లోపలిది కంటికి కనపడదు, చెవికి దొరకాల్సిందే. దానికి గాలి లేకపోతే బయటిది ఇద్దరి బరువూ మోస్తూ పోతుంది. అది పగిలిన రోజు కారణం బయటి టైరంటారు. అసలు దోషి లోపలిది.

నాకు జరిగింది కూడా అట్లాంటిదే, టైరుకు కాదు, నాకే. ఫ్యాక్టరీ పేరెందుకు, మన సీమలోనే. సిమెంటుకు టోకెన్ తీసుకుని లైన్లో పెట్టాను. పంతొమ్మిది గంటలు. లైను కదిలినప్పుడు కదలాలి, లేకపోతే వెనకవాడు దూరతాడు. లోడు దొరికింది రాత్రి. బెంగళూరులో పొద్దునైతే లారీలను సిటీలోకి రానియ్యరు, ఆలోపు చేరాలి. తాడిపత్రి దాటాను, అనంతపురం దాటాను, టీ తాగాను, మొహం కడుక్కున్నాను. పెనుకొండ దగ్గర కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నేను లేను. "అన్నా!" అని క్లీనర్ అరుపుకు తేరుకునేసరికి కుడి చక్రం డివైడర్ ఎక్కి ఉంది. ఎదురుగా ఎవరూ లేకపోవడం మా అదృష్టం. ఓనరు అడిగాడు, "నూటెనభై కిలోమీటర్లకే నిద్రొచ్చిందా?" అని. ఆయన కిలోమీటర్లు లెక్కేశాడు. నేను మేలుకున్న గంటలు లెక్కేశాను.

తర్వాత మా వీధి ప్లీడరు గారి దగ్గరికి పోయి, దీనికేమైనా చట్టం ఉందా సార్ అనడిగాను. అప్పట్లో అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చదివి వినిపించారు. 2025లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చి అది రద్దయిందనుకోండి. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. వరసగా ఐదు గంటలు పని చేస్తే కనీసం అరగంట విశ్రాంతి. బాగుంది కదా అనుకున్నాను. ఇంకా చదివారు. టెర్మినల్ దగ్గర ఊరకే హాజరుగా ఉండే సమయం పావుగంట లోపైతేనే పని గంటల్లోకి వస్తుందట. పంతొమ్మిది గంటలు కాచుకున్నవాడికి లెక్కలోకి వచ్చేది ఏమీ లేదు! పైగా ఐదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న చోటే ఆ చట్టం వర్తించేది. మన దగ్గర ఒకటీ రెండు బండ్ల ఓనర్లే ఎక్కువ. వాళ్ళ డ్రైవర్లకు అది కూడా లేకపోయింది.

మంచి జరగలేదని అనను. 2017లో జీఎస్టీ వచ్చాక అమ్మకం పన్ను చెక్‌పోస్టులు పోయాయి. కర్ణాటక సరిహద్దులో కొడికొండ దగ్గర కాగితాలు పట్టుకుని నిలబడిన రాత్రులు నాకింకా గుర్తే. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక టోల్ గేట్ల దగ్గరా లైను తగ్గింది. రోడ్డు మీద మిగిలిన ఆ గంటలు డ్రైవర్ నిద్రకు పోయాయా? లేదు. "ఇప్పుడు తొందరగా చేరొచ్చు కదా" అని ఇంకో ట్రిప్పుకు పోయాయి.

2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అన్నారు. సంతోషం. నిజంగా చెప్తున్నా, మన మే నెలలో తాడిపత్రి బండలు లోడు చేసుకునే పిల్లలకు అది కావాల్సిందే. కాకపోతే బండి పరిగెత్తేటప్పుడు అద్దాలు దించితే ఏదో గాలి వస్తుంది. ఉడికిపోయేది నిలబెట్టినప్పుడు. నిలబెట్టి ఏసీ వేయాలంటే ఇంజన్ ఆన్‌లో ఉండాలి, డీజిల్ కాలుతుంది, సాయంత్రం ఓనరు ఫోను వస్తుంది.

ఇక్కడ మండీ షావుకార్లున్నారు, ఫ్యాక్టరీల నుంచి కూడా ఒకరిద్దరు వచ్చారు. గేటు బయట ఒక రేకుల షెడ్డు, నీళ్ళు, మరుగుదొడ్డి అడుగుతున్నాను. ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. మీ గేటు స్లిప్పు మీద బండి లోపలికి వచ్చిన టైము రాస్తారు. బయట లైనులోకి వచ్చిన టైము కూడా రాయండి. అది కాగితం మీద ఉంటే బండి కాచుకున్నందుకు ఇవ్వాల్సిన హాల్టింగ్ డబ్బులు అడగడానికి ఓనరుకు ఆధారం ఉంటుంది. "ఇన్ని గంటలు మేలుకున్నాను, రెండు గంటలు పడుకుని పోతాను" అనడానికి డ్రైవరుకు నోరుంటుంది.

నేనైతే పెనుకొండ తర్వాత సొంతంగా రాసుకోవడం మొదలుపెట్టాను. ఏ ఊరు, ఎప్పుడొచ్చాను, ఎప్పుడు కదిలాను, అంతే. ఇదిగో, ఆ నోటుబుక్కు తెచ్చాను, టేబుల్ మీద పెడుతున్నా. చూడాలనుకున్నవాళ్ళు చూడండి. గ్రీజు అంటుకుని పేజీలు ఒకదానికొకటి పట్టుకున్నాయి, కొంచెం మెల్లగా తిప్పండి.