ఏడు గడపలు

అందరికీ నమస్కారం. ఆదివారం భోజనాలయ్యాక మైకు చేతికిచ్చారు కాబట్టి కునికేవాళ్ళని నేనేమీ అనను, క్లాసులో అలవాటే నాకు.

మన కాలిఫోర్నియా బే ఏరియాలో ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఒకటి గమనిస్తుంటాను. "మీవాడు ఎక్కడ చదువుతున్నాడండీ" అని అడిగితే, కమ్యూనిటీ కాలేజీ అని చెప్పేటప్పుడు తల్లిదండ్రుల గొంతు ఒక మెట్టు దిగిపోతుంది. ఆ వెంటనే "రెండేళ్ళే లెండి, తర్వాత యూసీకి ట్రాన్స్‌ఫర్" అని కలుపుతారు, యూసీ అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా. నేను ఆ గొంతు దిగిపోయే కాలేజీల్లోనే ఇన్నేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. మొదట్లో రెండు కాలేజీల్లో పార్ట్‌టైమ్. ఆఫీసు గది లేదు, కారు డిక్కీయే ఆఫీసు, ఒక అట్టపెట్టెలో ఈ కాలేజీ పేపర్లు, ఇంకో అట్టపెట్టెలో ఆ కాలేజీ పేపర్లు. ఫ్రీవేల మీద ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి పరిగెత్తే మాలాంటివాళ్ళకి ఇక్కడ ఒక పేరుంది, ఫ్రీవే ఫ్లయర్స్ అని. పేరు బాగుంటుంది, జీతం ఉండదు.

సరే, అసలు విషయం. 1901లో ఇల్లినాయిలోని జోలియట్‌లో 6 మంది విద్యార్థులతో మొదలైన ఏర్పాటు ఈ కమ్యూనిటీ కాలేజీ. ఇవాళ ఒక్క కాలిఫోర్నియాలోనే 116 కాలేజీలున్నాయి. ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకి ఫీజు యూనిట్‌కి, అంటే ఒక క్రెడిట్‌కి, 46 డాలర్లు. మార్కులు అడగరు, తలుపు బార్లా తీసే ఉంటుంది. మరి అలా వచ్చినవాళ్ళు ఏమవుతున్నారు? దేశం మొత్తం మీద చూస్తే, చేరేటప్పుడు నూటికి 80 మంది దాకా బ్యాచిలర్స్ డిగ్రీ చెయ్యాలనే చేరుతున్నారు. ఆరేళ్ళలో ఆ డిగ్రీ చేతికొచ్చేది సుమారు 16 మందికి. మిగతా వాళ్ళంతా చదువు రానివాళ్ళా?

చాలాకాలం పాటు దాదాపు అలాగే అనుకున్నారు. కానీ 1960లో బర్టన్ క్లార్క్ అనే సోషియాలజిస్టు మన పక్కనే ఉన్న శాన్ హోసే జూనియర్ కాలేజీని (అప్పట్లో వీటిని అలా పిలిచేవాళ్ళు) దగ్గరగా చూసి ఒక మాట రాశాడు. ఈ కాలేజీలు అందర్నీ చేర్చుకుంటాయి, ఆ తర్వాత పెద్ద ఆశలతో వచ్చినవాళ్ళని మెల్లగా, నొప్పి తెలియకుండా, "నీకు ఇది చాల్లే నాయనా" అనే చోటికి తీసుకొస్తాయి అని. ఆ పనికి ఆయన పెట్టిన పేరు చల్లార్చడం. వేడిపాలు పళ్ళెంలో పోసి చల్లార్చినట్టన్నమాట. ఎవరూ పొమ్మనరు. పిల్లవాడే పోతాడు, తప్పు తనదే అనుకుంటూ పోతాడు.

అది ఎలా జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. నా క్లాసులో ఒకాయన ఉండేవాడు, ముప్పై దాటిన మనిషి, రాత్రిళ్ళు గోదాములో పని. ఒక పెట్టెకి ఇన్ని, ఒక ట్రక్కుకి ఇన్ని పెట్టెలు, మూడో వంతు వెనక్కొస్తే మిగిలేది ఎంత అని అడిగితే నేను బోర్డు వైపు తిరిగేలోపు చెప్పేసేవాడు. అలాంటి మనిషిని పూర్ణాంకాలు, భిన్నాలు చెప్పే ప్రీ-ఆల్జీబ్రాలో కూర్చోబెట్టారు. ఎందుకయ్యా అంటే ప్లేస్‌మెంట్ టెస్ట్. మన ఊళ్ళో ప్లేస్‌మెంట్ అంటే ఉద్యోగం, ఇక్కడ అప్పట్లో ఏ మెట్టు మీద కూర్చోవాలో చెప్పే పరీక్ష. ఆ రోజు పాపని స్కూల్ నుంచి తెచ్చుకోవాలి, టైమ్ లేదు, ఇరవై నిమిషాల్లో ఏవో బటన్లు నొక్కి వెళ్ళిపోయాడు. ఆ ఇరవై నిమిషాలు తనకి మూడు సెమిస్టర్ల ఖరీదని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం, లెక్కల మాస్టారిని పిలిచి లెక్క లేకుండా ఎలా పంపిస్తారు. కాలేజీ స్థాయి లెక్కలకి మూడు మెట్లు కింద కూర్చోబెట్టారు అనుకోండి. అంటే నాలుగు కోర్సులు పాసవ్వాలి, మధ్యలో మూడుసార్లు తిరిగొచ్చి మళ్ళీ రిజిస్టర్ చేసుకోవాలి. మొత్తం ఏడు గడపలు. ప్రతి గడప దగ్గరా నూటికి 80 మంది దాటారనుకుందాం, అది మంచి క్లాసే, నేను సంతోషపడే క్లాసు. నూరుమంది బయల్దేరితే మొదటి గడప దాటేది 80, తర్వాత 64, 51, 41, 33, 26, చివరికి 21. గమనించండి, ఏ ఒక్క టీచరూ చెడ్డగా చెప్పలేదు, ఏ గడప దగ్గరా గగ్గోలు లేదు. అయినా 79 మంది ఇంటికెళ్ళిపోయారు. సిలబస్ సరిగ్గానే ఉంది, ప్రాణం తీసేది గడపల సంఖ్య.

పోనీ ఆ పరీక్షయినా సరిగ్గా తూచేదా అంటే అదీ లేదు. న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలోని టీచర్స్ కాలేజీలో 1996 నుంచి కమ్యూనిటీ కాలేజీల మీదే పనిచేసే పరిశోధన కేంద్రం ఒకటుంది. అక్కడి జుడిత్ స్కాట్-క్లేటన్, ఇంకో ఇద్దరు కలిసి 2014లో తేల్చింది ఏమిటంటే, ఈ పరీక్ష రాసినవాళ్ళలో లెక్కల్లో సుమారు నలుగురిలో ఒకరిని, ఇంగ్లీషులో ముగ్గురిలో ఒకరిని పూర్తిగా తప్పు క్లాసులో కూర్చోబెడుతున్నారని. హైస్కూల్ మార్కులు దానికంటే నయమైన కొలత అని. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఇన్నాళ్ళూ మనం పిల్లల్ని అంటున్నాం.

2017లో కాలిఫోర్నియా ఏబీ 705 చట్టం తెచ్చింది. హైస్కూల్ రికార్డు చూడండి, వీలైనంత వరకు నేరుగా కాలేజీ స్థాయి క్లాసులోనే కూర్చోబెట్టండి అని. మా డిపార్ట్‌మెంట్‌లో అప్పుడు పెద్ద గొడవే అయింది, నేనూ వ్యతిరేకించినవాణ్ణే, దాచుకోవడం ఎందుకు. ఫెయిలయ్యేవాళ్ళు పెరుగుతారన్నాను. పెరిగారు కూడా. కానీ నా తప్పు ఎక్కడంటే, నేను నా క్లాసులో ఫెయిలైనవాళ్ళనే లెక్కపెట్టాను, ఆ క్లాసుదాకా అసలు రాలేకపోయినవాళ్ళని ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు ఏడాదిలో ఆ కోర్సు దాటుతున్నవాళ్ళు అప్పటికంటే చాలా ఎక్కువ.

అయితే తలుపు మార్చినంత మాత్రాన చాలదు. న్యూయార్క్‌లో క్యూనీ, అంటే అక్కడి సిటీ యూనివర్సిటీ వాళ్ళు, 2007లో తమ కమ్యూనిటీ కాలేజీల్లో ఏసాప్ అనే పథకం ఒకటి మొదలుపెట్టారు. ఫుల్‌టైమ్ చదవాలి, సలహాదారుని తరచూ కలవాలి, దానికి బదులు సబ్‌వే పాస్, పుస్తకాలు, ఫీజులో తక్కువైంది వాళ్ళే ఇస్తారు. అప్పట్లో ఒక సలహాదారుకి 60 నుంచి 80 మంది. మామూలుగా అక్కడ ఒక్కొక్కరికి 600 నుంచి 1,500 మంది ఉండేవాళ్ళు! లాటరీ తీసి కొందరిని చేర్చుకుని, కొందరిని చేర్చుకోకుండా ఎమ్‌డీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ పరీక్షించింది. మూడేళ్ళలో కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ళ పట్టా పుచ్చుకున్నది చేరనివాళ్ళలో నూటికి 22, చేరినవాళ్ళలో 40. మనిషికి ఖర్చు ఎక్కువైంది కానీ పట్టాకి ఖర్చు తగ్గింది. సబ్‌వే పాస్‌కి చదువుతో ఏం సంబంధం అంటారేమో, నెలాఖరున బస్సు టికెట్‌కి డబ్బుల్లేక క్లాసు మానేసినవాళ్ళని అడగండి.

ఇక లీడర్‌షిప్. దీని మీద పరిశోధన బోలెడుంది, చాలావరకు కాలేజీ ప్రెసిడెంట్ల దూరదృష్టి గురించి. నాకు అందులో పెద్దగా ఆసక్తి లేదు. కాలేజీలో నిజమైన అధికారం టైమ్‌టేబుల్ వేసేవాళ్ళ చేతిలో ఉంటుందని నా నమ్మకం. నాకు బాగా తెలిసిన ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ క్లాసులన్నీ పొద్దున పదికీ పదకొండుకీ ఉండేవి, ఎందుకంటే సీనియర్ టీచర్లకి అది సుఖం. సాయంత్రం ఆరున్నరకి ఒక్క సెక్షన్ పెట్టండని అడిగితే ఎవరూ రారన్నారు. మీటింగ్ తర్వాత మీటింగ్, ఒప్పుకోవడానికి మూడు సెమిస్టర్లు పట్టింది.

ఆ సాయంత్రం క్లాసు మొదలైన రోజున గదిలో కుర్చీలు 38. వచ్చినవాళ్ళు 44 మంది. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వచ్చిన మన గుంటూరమ్మాయి ఒకావిడ భర్త ఇంటికి రాగానే పాపని అప్పజెప్పి వచ్చింది. వెనక వరసలో ఒకాయన గోదాము బ్యాడ్జి మెడలో అలాగే ఉంచుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పక్క గదిలోంచి కుర్చీ తెస్తానంటే, "వద్దండీ, కూర్చుంటే నిద్రపోతాను" అన్నాడు.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే తాగుతూ మాట్లాడుకుందాం.