గిటార్ తీగ ఎత్తు: ఎక్కడ తగ్గించాలి, ఎంత తగ్గించాలి

అందరికీ నమస్కారం.

ఒకే వేలితో చాలా తీగలు నొక్కాల్సిన ఎఫ్ కార్డ్ (స్వరాల కూర్పు) దగ్గర వేళ్లు మంటెక్కి గిటార్‌ను మూల పెట్టేసినవాళ్లు ఈ సభలోనూ కొందరు ఉండే ఉంటారు. సాధన చాలలేదని అనుకుని ఉంటారు. ఒకసారి స్కేలు పట్టి కొలిచి ఉంటే, అసలు తీగలే ఉండాల్సిన దానికంటే పైన ఉన్నాయేమో తెలిసేది.

వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి కాబట్టి వాటినే సర్దుకోవచ్చు. గిటార్ ఫ్రెట్లు కర్రలో దిగగొట్టి ఉంటాయి. అందుకని మనం మార్చగలిగేవి మూడే: తల దగ్గర తీగలు గాడుల్లో ఆనే పట్టీ అయిన నట్, మెడ వంపు, డబ్బా మీద తీగలు కట్టే చెక్క అయిన బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్న పట్టీ, అంటే శాడిల్. ఈ మూడింటిలో తేడా ఎక్కడుందో తేల్చుకోకుండా ఉప్పు కాగితం చేతికి తీసుకోకూడదు.

ముందు గిటార్‌ను సరైన శ్రుతిలో పెట్టండి. వదులు తీగల మీద తీసిన కొలత పనికిరాదు. 12-53 సెట్ (సన్న తీగ, లావు తీగ మందాలు అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఆరు తీగలూ కలిసి మెడను సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి, మెడ వంపు దాన్ని బట్టే ఉంటుంది. వాయించే భంగిమలో పట్టుకుని, 12వ ఫ్రెట్ లోహం పైభాగం నుంచి తీగ అడుగు వరకు కొలవండి. స్టీలు తీగలకు లావు ఈ (అన్నిటికన్నా లావైన తీగ) దగ్గర 2.4, సన్న ఈ (అన్నిటికన్నా సన్నది) దగ్గర 1.8 మిల్లీమీటర్లు ఉంటే చాలామంది చేతికి హాయిగా ఉంటుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు సుమారు 4, 3 ఉండాలి. స్టీలు లెక్క దానికి పెడితే తీగలు ఫ్రెట్లకు కొట్టుకుంటాయి. స్కేలుతో కుదరకపోతే 2.5 మి.మీ. డ్రిల్ బిట్ కాడను తీగ కిందకి జరిపి చూడండి.

ఇప్పుడు మెడ. ఒకటో ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) పెట్టి, మెడ డబ్బాకు కలిసేచోట, అంటే సాధారణంగా 14వ ఫ్రెట్ దగ్గర, లావు తీగను నొక్కండి. తీగే మీకు సరళరేఖ. ఏడో ఫ్రెట్ మీద సందు 0.1 నుంచి 0.25 మి.మీ. ఉండాలి. బైకు మెకానిక్‌లు సన్న సందులు కొలవడానికి వాడే ఫీలర్ గేజ్ దీనికి చక్కగా సరిపోతుంది. అది లేకపోతే మామూలు జిరాక్స్ కాగితం ఒకటి సుమారు 0.1 అనుకోండి. రెండు కాగితాలు పట్టాక కూడా ఇంకా బాగా సందుంటే, మెడ లోపలి ఇనుప కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను అలెన్ కీతో కుడివైపు పావు చుట్టు తిప్పి, శ్రుతి సరిచేసి, మళ్లీ కొలవండి. సందే లేకపోతే ఎడమకు తిప్పాలి. బిగుసుకుపోయిందనిపిస్తే అక్కడే ఆగాలి, రాడ్ తెగితే రిపేరు ఖర్చు చౌక గిటార్ ధరను మించిపోతుంది. కొన్ని చౌక రకాల్లో తిప్పడానికి రాడ్డే ఉండదు. ఒక్కమాట: ట్రస్ రాడ్ ఉన్నది మెడ వంపు సరిచేయడానికి. తీగ ఎత్తు మొత్తాన్ని దానితో దించబోతే ఒకటి నుంచి ఐదు ఫ్రెట్ల వరకు జీర మొదలవుతుంది.

అసలు పని శాడిల్ దగ్గరే. 12వ ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ ఎంత తగ్గాలో శాడిల్ దగ్గర దానికి రెట్టింపు తీయాలి. ఇప్పుడు లావు ఈ 3.2 ఉంది, 2.4 కావాలి, తేడా 0.8, శాడిల్‌లో ఆ వైపు 1.6 మి.మీ. తీయాలి. సన్న ఈ 2.2 ఉంటే తేడా 0.4, ఆ వైపు 0.8 తీయాలి. రెండు చివర్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టి గీత కలపండి. తీశాక బ్రిడ్జ్ పైన కనీసం 3 మి.మీ. శాడిల్ మిగలాలి. అంతకన్నా తగ్గితే తీగ వంపు చాలక నాదం పలచబడుతుంది.

తీగలు వదులు చేశాక, చుట్టలు విడిపోకుండా కేపోను అలాగే ఉంచండి. బ్రిడ్జ్‌లో తీగ కొసను పట్టి ఉంచే పిన్ రాకపోతే పట్టుకారు వద్దు. తీగను రంధ్రంలోకి కాస్త నెట్టి, డబ్బా లోపలినుంచి నాణెం అంచుతో పిన్‌ను పైకి తోయండి. శాడిల్‌ను జిగురుతో అతికించి ఉంటే ఊడబెరకకండి. ఊడి వచ్చినా ఆ పాతదాన్ని భద్రంగా దాచి, అదే కొలతల కొత్తది అరగదీయడం మేలు.

అరగదీయాల్సింది ఎప్పుడూ అడుగునే. పైన తీగ ఆనే అంచును ముట్టుకుంటే స్వరస్థానాలు చెడతాయి. గాజు పలక మీద 120 నంబరు ఉప్పు కాగితం పరిచి, శాడిల్‌ను చదునైన చెక్కముక్కకు ఆనించి నిలువుగా పట్టుకుని తోయండి. చేయి ఊగితే అడుగు గుండ్రంగా తయారవుతుంది. శాడిల్ కింద పికప్ (శబ్దాన్ని స్పీకర్‌కు పంపే పరికరం) ఉన్న గిటార్‌లో ఈ పొరపాటు వెంటనే బయటపడుతుంది: ఒక తీగ గట్టిగా, పక్కది మెల్లగా పలుకుతుంది. పది తోపులకోసారి వెర్నియర్‌తో చూడండి. గీతకు కాస్త ముందే ఆగి 220తో ముగించండి. ఎముక శాడిల్ అయితే ముక్కుకు మాస్కు కట్టుకోవాలి, ఆ పొడి మంచిది కాదు, వాసనా భరించలేం.

ఎక్కువ తీసేశారా? కంగారు పడకండి. గడువు తీరిన ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. దాన్నుంచి సన్న పట్టీ కోసి శాడిల్ కింద పెడితే 12వ ఫ్రెట్ దగ్గర 0.38 లేస్తుంది. అదే రెట్టింపు లెక్క, ఈసారి వెనక్కి.

నట్ చివరిది. మూడో ఫ్రెట్ నొక్కినప్పుడు ఒకటో ఫ్రెట్ మీద తీగకు వెంట్రుకవాసి సందు కనిపించాలి. బాగా కనిపిస్తే ఎఫ్ కార్డ్ కష్టమవుతుంది, ఒకటో ఫ్రెట్ స్వరం హెచ్చుగా పలుకుతుంది. కానీ నట్ గాడికి తీగ లావును బట్టి వేరువేరు ఆకురాళ్లు కావాలి. అవి లేకుండా రంపపు బ్లేడుతో గీకితే విడి తీగ జీరపోతుంది. ఈ ఒక్క పనికీ రిపేరు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లమనే నా సలహా.

ఇంట్లో అసలు మొదలుపెట్టకూడని సందర్భాలు రెండున్నాయి. బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం దూరుతుంటే బ్రిడ్జ్ లేస్తోందన్నమాట. పొడవాటి స్కేలును ఫ్రెట్ల మీద పరిచినప్పుడు దాని కొస బ్రిడ్జ్ చెక్క పైఅంచును తాకకుండా, దానికంటే కిందుగా బ్రిడ్జ్ ముందు వైపుకు తగులుతుంటే మెడ కోణమే మారింది. అక్కడ శాడిల్ ఎంత తీసినా చాలదు.

ఇక వాతావరణం. గిటార్‌కు 45 నుంచి 55 శాతం గాలి తేమ నప్పుతుంది. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో పైపలక తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగలు లేస్తాయి. ప్లైవుడ్ కంటే ఒకే చెక్క పలక ఉన్న గిటార్‌లో ఇది ఎక్కువ. అప్పుడు అరగదీసిన శాడిల్ హైదరాబాదు మే నెల పొడిగాలిలో పలక దిగగానే జీరపోతుంది. అందుకే రెండు శాడిళ్లు ఉంచుకోవడం మంచిది. అడుగున పెన్సిల్‌తో ఒకదాని మీద ‘వాన’, రెండోదాని మీద ‘ఎండ’ అని రాసి కేసులో వేసుకోండి.