ఇంటి ధరలో నేల వాటా

శ్రోతలకు నమస్కారం.

ఇల్లు కట్టిన రోజు నుంచే పాతబడడం మొదలవుతుంది. గోడలు పెచ్చులూడతాయి, గొట్టాలు తుప్పు పడతాయి, పైకప్పుకు మరమ్మతులు అవసరమవుతాయి. అరిగిపోయే వస్తువు ఏదైనా కాలం గడిచేకొద్దీ చవక కావాలి. మరి ముప్పై ఏళ్ల నాటి ఇల్లు, కట్టినప్పటి ఖర్చుకు ఎన్నో రెట్లు పలుకుతున్నదంటే, పెరిగిన ధర ఇంటిది కాదు, దాని కింద ఉన్న నేలది. ఈ రెంటినీ విడదీసి చూడకపోవడం వల్లనే ఇళ్ల సమస్యకు చెప్పే పరిష్కారాలు చాలావరకు దారి తప్పుతున్నాయని నా అభిప్రాయం.

ఇటుక, సిమెంటు, ఇనుము, కూలి ఖర్చులు పెరిగిన మాట వాస్తవమే. అయితే ఒకే దేశంలో పెద్ద నగరానికీ చిన్న పట్టణానికీ మధ్య ఇంటి ధరలో కనిపించే తేడాకు ఆ ఖర్చులు చాలావరకు కారణం కావు. ఉద్యోగాలు, ఆసుపత్రులు, కళాశాలలు ఒకచోట చేరినకొద్దీ ఆ దగ్గరలో ఉండాలనుకునేవారు పెరుగుతారు. బట్టకు గిరాకీ వస్తే మరింత నేస్తారు కానీ, నగరం నడిబొడ్డున నేలను ఎవరూ కొత్తగా తయారు చేయలేరు.

నేలను పెంచలేకపోయినా, ఉన్న నేలమీద ఇళ్లను పెంచవచ్చు. చాలా నగరాలలో దీనికి నిబంధనలే అడ్డుపడుతున్నాయి. ఒక స్థలంలో ఒకే ఇల్లు ఉండాలని, ఇన్ని అంతస్తులు మించరాదని, ఇన్ని వాహనాలకు చోటు విడిచి తీరాలని అవి శాసిస్తాయి. వెలుతురు, గాలి, అగ్నిప్రమాదాల నుంచి రక్షణ కోసం పెట్టిన నియమాలను నేను తప్పుపట్టను. కానీ కొత్త ఇళ్లు రాకుండా ఆపడానికే పనికివచ్చే నియమాలు కూడా వాటి పక్కనే పెరిగిపోయాయి. కొత్త నిర్మాణం వద్దని చెప్పడానికి ఇరుగుపొరుగువారు సమావేశానికి వస్తారు. ఆ ఇంట్లోకి రాబోయే కుటుంబం ఇంకా ఎక్కడో ఉంటుంది కనుక దాని తరఫున మాట్లాడేవారు ఉండరు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరం 2016లో తన నివాస ప్రాంతంలో సుమారు నాలుగింట మూడు వంతులలో మునుపటికంటే ఎక్కువ ఇళ్లు కట్టుకోవడానికి వీలు కల్పించింది. ఆ తరువాతి సంవత్సరాలలో అక్కడ నిర్మాణ అనుమతులు బాగా పెరిగాయి.

ఇక అప్పుల సంగతి. ఇరవై ఏళ్ల గృహరుణంపై వడ్డీ 9 శాతం నుంచి 6 శాతానికి తగ్గితే, అదే నెలసరి వాయిదాతో దాదాపు పాతిక శాతం ఎక్కువ అప్పు తీసుకోవచ్చు. ఇళ్ల సంఖ్య పెరగనప్పుడు, అందరి చేతికీ ఒకేసారి వచ్చిన ఆ అదనపు సొమ్ము వేలంపాటలో పాట పెంచినట్టు నేల ధరను పెంచుతుంది. కొనుగోలుదారులకు ఇచ్చే రాయితీలదీ ఇదే దారి: ఇచ్చేది కొనేవారి పేరున, చాలాసార్లు చేరేది అమ్మేవారి చేతికి. అద్దెలకు గరిష్ఠ పరిమితి విధిస్తే ఇప్పటికే అద్దెకున్నవారికి భద్రత దొరుకుతుంది. అయితే కొత్త ఇళ్లు చాలకపోతే తరువాత వచ్చేవారు ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వస్తుందని స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ అనుభవం చెబుతున్నది.

ప్రభుత్వమే కట్టించిన నగరాలను చూస్తే ఆశ కలుగుతుంది. ఆస్ట్రియా రాజధాని వియన్నా 1923లో ఖరీదైన ఇళ్లపై ఎక్కువ భారం పడేలా గృహనిర్మాణ పన్ను విధించి, 1934 నాటికి అరవై వేలకు పైగా ఇళ్లు కట్టించింది. నేటికీ ఆ నగరవాసులలో సుమారు సగం మంది నగరపాలక సంస్థ ఇళ్లలోనో, పరిమిత లాభంతో నడిచే సంఘాల ఇళ్లలోనో ఉంటున్నారు. సింగపూర్ 1960లో గృహనిర్మాణ మండలిని స్థాపించింది. ఇప్పుడు అక్కడి నివాసులలో దాదాపు 80 శాతం మంది అది కట్టిన ఫ్లాట్లలోనే ఉన్నారు. అయితే 1966 నాటి భూసేకరణ చట్టం కింద భూములిచ్చినవారికి దక్కిన పరిహారం తక్కువన్నది మరువరాదు.

నేల విలువను పెంచేది యజమాని శ్రమ కాదు, ఊరంతా కలిసి వేసుకున్న రోడ్లు, రైళ్లు, బడులు. అందుచేత ఆ విలువపై పన్ను వేయాలని అమెరికన్ ఆర్థిక చింతనాపరుడు హెన్రీ జార్జ్ 1879లోనే వాదించాడు. ఎస్టోనియా 1993 నుంచి కట్టడాన్ని వదిలి నేలపైనే పన్ను విధిస్తున్నది. ఇటువంటి పన్నులో స్థలాన్ని ఖాళీగా ఉంచినవాడూ, అటువంటి స్థలంలోనే పది ఇళ్లు కట్టినవాడూ సమానంగా చెల్లిస్తారు కాబట్టి, ధర పెరిగే దాకా ఖాళీగా అట్టిపెట్టుకోవడం గిట్టుబాటు కాదు. ఆదాయం లేని వృద్ధులకు మాత్రం ఆ ఇల్లు చేతులు మారే వరకూ పన్ను వాయిదా వేయాలి. అది లేనిదే ఈ పన్నును నేను సమర్థించలేను.

జీవితకాలపు పొదుపును ఇంట్లో పెట్టినవారు ధర పడిపోతుందేమోనని భయపడతారు. ఆ భయం సహజమైనదే. ధరలు కూలనక్కరలేదు, జీతాలు పెరుగుతుండగా పదిహేనేళ్లు అవి ఉన్నచోటే నిలిచినా చాలు. ఆ పదిహేనేళ్లూ నెల అద్దె కట్టి మిగిలినదానితో పిల్లలను పెంచే కుటుంబాలను నిరీక్షించమనలేం కనుక, వారి కోసం ప్రభుత్వ అద్దె ఇళ్ల నిర్మాణం ఇప్పుడే మొదలు కావాలి.